సైడ్ అద్దాలు మడిస్తే ఎన్ని కిలోమీటర్లు మిగులుతాయి? ఒక ఎలక్ట్రిక్ టాక్సీ మీద చేసిన గాలి పరీక్ష

"అన్నా, హైవే ఎక్కినంక రెండు అద్దాలు మడిచేస్తే రేంజ్ ఎంత మిగులుతది?"

మా కాలనీలో ఎలక్ట్రిక్ టాక్సీ నడిపే తమ్ముడు ఒకరోజు నన్ను ఆపి అడిగాడు. హైదరాబాద్ నుంచి విజయవాడకు వారంలో రెండు మూడు కిరాయిలు ఉంటాయి అతనికి. సూర్యాపేటలో ఛార్జింగ్‌కి ఆగిన ప్రతిసారీ వెనక సీట్లో వాళ్లు టైమ్ చూసుకుంటుంటారు. తోటి డ్రైవర్ ఎవరో అద్దాలు మడిచి నడిపితే రేంజ్, అంటే ఒక ఛార్జింగ్‌తో నడిచే దూరం, ట్రిప్పుకి పది పదిహేను కిలోమీటర్లు ఎక్కువ వస్తోందని చెప్పాడట.

కార్ల చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా ఉద్యోగం. "మడవకు, ప్రాణం మీదికి వస్తుంది" అని ఒక్క మాట చెప్పి పంపేయొచ్చు. కానీ అతను అడిగింది గాలికి సంబంధించిన సరైన ప్రశ్న. రాత్రి పూట లారీల మధ్య అద్దాల్లేకుండా నడిపే మనిషికి ఆ అయిదో పదో కిలోమీటర్లు నిజమో కాదో తేల్చి చెప్పాలి. నాలుగు ఆదివారాలు ఆ పని మీద కూర్చున్నాం. చేసిందంతా ఇక్కడ రాస్తున్నాను, కొలవలేకపోయినదానితో సహా.

ముందు కాగితం మీద

గాలి బండిని వెనక్కి లాగే బలమే డ్రాగ్. అది తెలియాలంటే గాలి సాంద్రత, ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే బండి వైశాల్యం, ఆకారం ఎంత మొండిదో చెప్పే గుణకం, వేగం కావాలి. ఈ సైజు సెడాన్‌కి గుణకం 0.32, వైశాల్యం 2.2 చదరపు మీటర్లు అనుకున్నాను. ఇవి కంపెనీ ఇచ్చిన అంకెలు కావు, ఇలాంటి బండికి సబబైన నా అంచనా. సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు పెట్టాను. పుస్తకాల్లో మామూలుగా 1.2 ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గర చల్లటి గాలికి సరిపోతుంది. 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో, 40 డిగ్రీల ఎండలో అది 1.06 దాకా దిగుతుంది. మన ఎండాకాలపు గాలి పలచన కాబట్టి బయటి దేశాల అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ వాడకూడదు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ బండి మీద డ్రాగ్ సుమారు 300 న్యూటన్లు. ముప్పై కిలోల బరువు వెనక్కి వేలాడుతున్నట్టు. ఇందులో రెండు సైడ్ అద్దాల వాటా 2 నుంచి 7 శాతం దాకా ఉంటుందని మా రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. నేను 3 శాతం తీసుకున్నాను. అంటే 9 న్యూటన్లు, ఒక కిలో బియ్యం ప్యాకెట్ బరువు కన్నా తక్కువే.

ఆ 9 న్యూటన్లను హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా, సుమారు 270 కిలోమీటర్లు లాగితే చక్రాల దగ్గర 0.67 యూనిట్ కరెంటు. మోటార్‌లోనూ గేర్లలోనూ పోయేది కలిపితే బ్యాటరీ నుంచి 0.8 యూనిట్. ఈ బండి హైవే మీద యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే మొత్తం ట్రిప్పుకి అయిదు కిలోమీటర్లు. అదీ అద్దాల్ని తలుపు నుంచి పూర్తిగా పీకేసి, ఆ చోటు నున్నగా పూడ్చితేనే. మడిచిన అద్దం ఎక్కడికీ పోదు, తలుపుకి అతుక్కుని అక్కడే గాలికి అడ్డంగా ఉంటుంది. కాబట్టి మడవడం వల్ల మిగిలేది ఆ అయిదు కంటే ఇంకా తక్కువే.

మరి ఆ డ్రైవర్‌కి పది పదిహేను ఎక్కడి నుంచి వచ్చాయి? అతను అబద్ధం చెప్పాడని నేననుకోను. మీటర్ అలాగే చూపించి ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దిగువకు ఉంది, ఎత్తులో తేడా దాదాపు 500 మీటర్లు. ఒకటిన్నర టన్నుల బండి ఆ ఎత్తు దిగితే రెండు యూనిట్ల శక్తి ఊరికే వస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అంతా కట్టాలి. పోయేటప్పుడు మడిచి, వచ్చేటప్పుడు తెరిచి నడిపి పోల్చుకున్నవాడికి నాలుగు యూనిట్ల తేడా కనిపిస్తుంది. అందులో అద్దాలది అయిదో వంతు కూడా కాదు. ఇక గాలి వాటం: వెనక నుంచి గంటకు 7 కిలోమీటర్ల గాలి వీస్తే చాలు, 100 వేగంలో డ్రాగ్ 14 శాతం పడిపోతుంది. జెండా కూడా సరిగ్గా ఎగరని ఆ చిరుగాలి, ఈ దూరానికి ఇరవై కిలోమీటర్లకు పైగా రేంజ్‌ని అటూ ఇటూ చేస్తుంది.

ఇదంతా కాగితం మీద చూపించాక తమ్ముడు అడిగాడు, "మరి కంపెనీలు అద్దాలు తీసేసి కెమెరాలు ఎందుకు పెడుతున్నయి?"

ఆడి ఈ-ట్రాన్ అంకె చెప్పేది

ఈ విషయంలో అంకెలు బయటపెట్టిన మంచి ఉదాహరణ 2018లో వచ్చిన ఆడి ఈ-ట్రాన్ అనే ఎలక్ట్రిక్ కారు. మామూలు అద్దాలతో దాని డ్రాగ్ గుణకం 0.28. అద్దాల బదులు సన్నటి కొమ్మల చివర కెమెరాలు, లోపల తలుపు మొదట్లో 7 అంగుళాల ఓలెడ్ తెరలు పెట్టిన రకానికి 0.27. బండి వెడల్పు దాదాపు 15 సెంటీమీటర్లు తగ్గింది. గుణకంలో నూరో వంతుకి రోజువారీ ప్రయాణంలో సుమారు 5 కిలోమీటర్ల రేంజ్ అని ఆ కంపెనీయే చెప్పింది. నేను టాక్సీకి వేసిన లెక్క పక్కన దీన్ని పెట్టి చూసుకున్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది. బండి వేరు, బ్యాటరీ వేరు, అయినా రెండూ ఒకే మోతాదులో ఉన్నాయి.

అయితే ఆ నూరో వంతుని జాగ్రత్తగా చదవాలి. 0.28, 0.27 రెండూ రెండో దశాంశానికి సరిచేసిన అంకెలు. అసలు తేడా అంతకన్నా కాస్త తక్కువైనా కావచ్చు, ఎక్కువైనా కావచ్చు. ఇంకో సంగతి వేగం. ఈ-ట్రాన్ ఎదుటి వైశాల్యం 2.65 చదరపు మీటర్లు. 0.01 తేడాకి 120 వేగంలో మిగిలే పవర్ 590 వాట్లు. 80కి వస్తే 175 వాట్లు. ఊళ్లో 40 మీద వెళ్తుంటే 22 వాట్లు. ఆ 22 వాట్లలోంచే రెండు కెమెరాలు, రెండు తెరలు, చలికి కెమెరా మీద పేరుకునే మంచు కరిగించే హీటర్ నడవాలి. జర్మనీ ఆటోబాన్ హైవే మీద గిట్టుబాటయ్యే పరికరం అమీర్‌పేట ట్రాఫిక్‌లో గిట్టుబాటు కాదు. వేగం ఘనంతో పెరిగే లాభం, వేగం తగ్గితే అంతే వేగంగా కరిగిపోతుంది.

చట్టం కూడా దేశానికో రకం. ఐక్యరాజ్యసమితి 46వ నంబర్ నిబంధన 2016లో మారాక యూరప్‌లోనూ జపాన్‌లోనూ కెమెరాలకు దారి దొరికింది. 2018లో జపాన్‌లో లెక్సస్ ఈఎస్ కారు ఆ దారిలోనే వచ్చింది. అమెరికా ప్రమాణం అద్దమే ఉండాలంటుంది కాబట్టి అక్కడ ఈ-ట్రాన్ అద్దాలతోనే అమ్మారు. మన దేశంలో అద్దానికి ఏఐఎస్-001, దాన్ని బిగించే తీరుకి ఏఐఎస్-002 ప్రమాణాలున్నాయి. టాక్సీకి అద్దం తీయడం అన్న మాటే లేదు. కాబట్టి మా ప్రశ్నని మార్చుకున్నాం: అద్దం ఉన్నచోటే, ఉన్న సైజులోనే ఉంచి, దాని చుట్టూ గాలిని ఎంత శుభ్రంగా పంపగలం?

అద్దం ఎందుకంత మొండిది

గాలికి అన్నిటికన్నా నచ్చే ఆకారం చేప. ముందు గుండ్రంగా మొదలై వెనక నెమ్మదిగా సన్నబడాలి. అద్దం డొప్ప, అంటే గాజుని పట్టుకునే గుల్ల, ముందు భాగంలో గుండ్రంగానే ఉంటుంది, చేప తలలాగా. కానీ వెనక్కి సన్నబడే చోటే గాజు కూర్చోవాలి. ఆ గాజు దాదాపు చదునుగా, డ్రైవర్ కంటికి ఎదురుగా, నిబంధన అడిగినంత దృశ్యం చూపించేంత పెద్దగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం మామూలు కారు సైడ్ అద్దంలో, డ్రైవర్ కంటికి 20 మీటర్ల వెనక నుంచి 4 మీటర్ల వెడల్పు రోడ్డు కనిపించాలి. ఇవన్నీ కలిస్తే అద్దం ఆకారం చేపని నడిమికి కోసి తోక పారేసినట్టు. కోసిన ముఖం వెనక గాలి నిండలేదు, అక్కడ పీడనం పడిపోతుంది, అద్దాన్ని వెనక్కి లాగుతుంది. కృష్ణలో వరద ఉన్నప్పుడు వంతెన స్తంభం వెనక నీళ్లు ఎలా సుడి తిరుగుతాయో అద్దం వెనక గాలీ అలాగే తిరుగుతుంది.

పైగా అద్దం ఉన్న చోటు మహా చెడ్డది. ముందు గాజు మీద నుంచి పక్కకు తిరిగే గాలి, ఆ గాజు పక్కన పైకప్పుని మోసే కమ్మీ మూల దగ్గర బండి వేగం కన్నా ఎక్కువ వేగంతో పరుగెడుతుంది. అక్కడ వేగం 20 శాతం పెరిగితే తగిలే బలం 44 శాతం పెరుగుతుంది. చిన్న వస్తువైన అద్దం తన సైజుకి మించి డ్రాగ్ ఇవ్వడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం కారణం డొప్పకీ కిటికీ గాజుకీ మధ్య ఉన్న సందు. నా అనుభవంలో కొత్తగా వచ్చిన ఇంజినీర్లు ముందు చూపు అంతా డొప్ప ముందు భాగం మీదే పెడతారు, దాన్ని ఇంకా గుండ్రంగా చేస్తే సరిపోతుందనుకుంటారు. కంప్యూటర్లో అద్దం ముక్క మీద పడే బలాన్ని విడిగా కూడి చూసుకుంటే అంకె చిన్నగానే ఉంటుంది. కానీ అద్దం తీసేసి కారు మొత్తం డ్రాగ్ మళ్లీ లెక్కిస్తే వచ్చే తేడా ఆ అంకెతో కలవదు. ఎందుకంటే అద్దం వెనక సుడి కిటికీ గాజు మీద, తలుపు మీద పారాడుతూ కారు వెనక దాకా పోతుంది. ఆ నష్టం అద్దం ఖాతాలో కనపడదు, కారు ఖాతాలో పడుతుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆడి, బీఎండబ్ల్యూలతో కలిసి చేసి అందరికీ ఇచ్చిన డ్రైవేర్ అనే నమూనా కారు ఉంది. దాని చుట్టూ గాలిని అద్దాలతోనూ అద్దాలు లేకుండానూ లెక్కగట్టి చూడొచ్చు. ఈ విషయం నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు నేను మొదట చూపించేది అదే. సందు మరీ ఇరుకైతే గాలి అందులో పిచికారీలా దూరి కిటికీని కొడుతుంది. మరీ వెడల్పైతే అద్దం మోసే కాడ పొడవై తన డ్రాగ్ తాను తెస్తుంది, బండి వెడల్పు పెరుగుతుంది. ఆ రెండిటి మధ్య ఎక్కడో ప్రతి కారుకీ ఒక దూరం ఉంటుంది. దాన్ని వెతకడమే అద్దం మీద పనిచేసేవాళ్ల ఉద్యోగంలో పెద్ద భాగం.

ఊలు దారంతో

రెండో ఆదివారం నగరం బయట ఇంకా ఇళ్లు కట్టని ఒక వెంచర్‌లో, అక్కడి వాళ్ల అనుమతితో, తెల్లారకముందే బండి తీసుకెళ్లాం. ఆ వేళ గాలి కదలదు. నల్ల ఊలు దారాన్ని వేలెడు ముక్కలుగా కోసి డొప్ప మీద, కాడ దగ్గర, కిటికీ గాజు మీద వరసలుగా టేపుతో అంటించాం, గాలి ఎటు పోతోందో దారం చూపిస్తుంది. తమ్ముడు నడుపుతుంటే నేను పక్క సీట్లోంచి వీడియో తీశాను. వెలుతురు వచ్చాక 60, 70 వేగాల్లో నాలుగైదు సార్లు తిరిగాం.

బండికి కంపెనీ ఇచ్చిన అద్దం ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు లేదు. దాని మీద మెరిసే క్రోమ్ తొడుగు ఉంది, రెండువైపుల టేపుతో అంటించినది. దాని వెనక అంచు డొప్ప అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. కుడివైపు డొప్ప నెత్తిన ఒక గుండ్రటి చిన్న అద్దం, పక్క లేన్లో కనపడని బండి కోసం. మన టాక్సీల్లో చాలా వాటికి ఇలాంటివే ఉంటాయి.

దారాలు ఏం చెప్పాయంటే: డొప్ప ముందు భాగంలో అన్నీ నున్నగా పడుకున్నాయి, అక్కడ బాగుచేయడానికి ఏమీ లేదు. సందులో దారాలు బిర్రుగా నిలబడి సన్నగా వణికాయి, గాలి అక్కడ వేగంగా పోతోందన్నమాట. గుండ్రటి అద్దం వెనక దారాలు మాత్రం ఒక దిక్కంటూ లేకుండా గిర్రున తిరిగాయి. ఆ తిరుగుడు డొప్ప మీద ఆగలేదు, కిటికీ గాజు పైభాగంలో నాలుగు వరసల దాకా పాకింది. క్రోమ్ అంచు వెనక కూడా అదే, కాస్త తక్కువగా. డొప్ప అంచు దగ్గర గాలి ఒకే గీత మీద విడిపోవాలి. ఇక్కడ ఒకసారి క్రోమ్ అంచు దగ్గర, ఇంకోసారి డొప్ప అంచు దగ్గర విడిపోతూ గంతులేస్తోంది. డ్రైవర్ చెవి పక్కన వినిపించే ఆ బుసబుస చప్పుడు అక్కడి నుంచే.

మూడో ఆదివారం కోస్ట్‌డౌన్ చేశాం. బండిని 80కి తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలి 60కి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడడం. న్యూట్రల్ ఎందుకంటే, గేర్లో ఉంటే ఎలక్ట్రిక్ బండి తనంతట తానే బ్రేకు వేసి కరెంటు వెనక్కి తీసుకుంటుంది. ఈ పరీక్షని ఇంట్లో చేయాలనుకునేవాళ్లకి ముందే చెప్పాలి, ఇది అద్దాన్ని కొలవలేదు. మా బండికి లెక్క ప్రకారం 80 నుంచి 60కి సుమారు 28 సెకన్లు. అద్దాలు పూర్తిగా లేకపోతే ఆ సమయం అర సెకను కన్నా తక్కువే పెరుగుతుంది. రోడ్డు కిలోమీటరుకి ఒక్క మీటరు ఎత్తు తేడా ఉన్నా, అది కంటికి కనపడదు గానీ, దాని బలం 15 న్యూటన్లు. 70 వేగంలో రెండు అద్దాల వాటా నాలుగున్నర న్యూటన్లు. సెకనుకు ఒక మీటరు ఎదురుగాలి కూడా మళ్లీ 15 న్యూటన్లే. మా కొలతల్లో పోయేటప్పటి సమయానికీ వచ్చేటప్పటి సమయానికీ మధ్య తేడా, మేం వెతుకుతున్న తేడాని మింగేసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది, కానీ దాని నుంచి అద్దం గురించి ఒక్క అంకె కూడా తీయను. తీస్తే తప్పు చేసినట్టు.

మార్చినవి

నాలుగో ఆదివారం కుడివైపు క్రోమ్ తొడుగు తీసేశాం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, దారం రంపంలా లాగితే టేపు వదిలింది. దాని కింద కంపెనీ డొప్ప చివర ఒక సన్నటి గాడి ఉంది. కొనేటప్పుడు ఎవరూ చూడరు గానీ, వాన నీళ్లు కిటికీ మీదికి చిమ్మకుండా పట్టుకుని కిందికి దించే కాలువ అది. క్రోమ్ తొడుగు సరిగ్గా దాన్నే మూసేసింది.

గుండ్రటి అద్దం డ్రైవర్‌కి అవసరం, దాన్ని పారేయమని నేను చెప్పను. డొప్ప నెత్తి మీద నుంచి తీసి, పల్చటి రకం కొని, అసలు గాజు కింది బయటి మూలలో అంటించాం. గాజు ముందు ఎలాగూ చచ్చిన గాలి ఉంటుంది. అక్కడ ఏం పెట్టినా గాలికి కొత్తగా అడ్డు తగలదు. రెండు వందల రూపాయల్లోపు పని. ఈ మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే.

డొప్ప కాడ మీద తిరిగే చోట ఉన్న సన్నటి సందులోంచి ఈల వచ్చేది. అక్కడ మెత్తటి ఫెల్ట్ పట్టీ పెట్టాం, గమ్ పోసి బిగించలేదు. ఎవరికైనా తగిలితే అద్దం లొంగి మడతపడాలన్నది భద్రత కోసం పెట్టిన నియమం. పట్టీ పెట్టాక పదిసార్లు మడిచి తెరిచి చూసుకున్నాం. డొప్ప అంచుని సాన పెట్టి పదును చేద్దామా అని తమ్ముడు అడిగాడు, పదునైన అంచు దగ్గర గాలి శుభ్రంగా విడిపోతుందని నేనే చెప్పాను కదా అని. వద్దన్నాను. నిబంధన డొప్ప అంచుకి కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం అడుగుతుంది, నడిచేవాళ్ల చెయ్యి తెగకుండా. మా రంగంలో ప్రతి అద్దం గాలికీ ఆ 2.5కీ మధ్య బేరమే.

మళ్లీ దారాలు అంటించి తిరిగితే కుడి కిటికీ పైభాగంలో గిర్రున తిరిగినవి ఇప్పుడు వెనక్కి పడుకున్నాయి. లోపల చప్పుడు తగ్గిందని తమ్ముడు అన్నాడు, నాకూ అలాగే అనిపించింది. చప్పుడు కొలిచే యంత్రం మా దగ్గర లేదు. రేంజ్ ఎంత పెరిగిందో చెప్పమంటే చెప్పలేను, కాగితం లెక్క ప్రకారం అద్దాల మొత్తం వాటాయే ట్రిప్పుకి అయిదు కిలోమీటర్లు. మేం తీసింది అందులో ఒక ముక్క, అదీ ఒక వైపు.

అతనికి రేంజే కావాలనుకుంటే నా దగ్గర ఉన్న పెద్ద అంకె వేరే. 100కి బదులు 90 మీద వెళ్తే డ్రాగ్ 19 శాతం పడిపోతుంది. ఈ దూరానికి బ్యాటరీ నుంచి అయిదు యూనిట్లు మిగులుతాయి, రెండు అద్దాలూ కలిపి తినే దానికి ఆరు రెట్లు. ప్రయాణం 18 నిమిషాలు పెరుగుతుంది, 30 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 10 నిమిషాలు తగ్గుతుంది. ఇది విని అతను కాసేపు లెక్క వేసుకున్నాడు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు 90, కిరాయి ఉన్నప్పుడు ప్రయాణికుల్ని అడిగి, అని నిర్ణయించుకున్నాడు. అద్దాలు మడవడం ఆలోచన మాత్రం వదిలేశాడు.

ఎడమవైపు క్రోమ్ తొడుగుని పోల్చుకోవడానికి కావాలనే ఉంచాం. వానలు మొదలయ్యాక కోదాడ దాటి జోరువానలో చిక్కుకున్న రోజు, దాబా దగ్గర ఆగి ఫోన్ చేశాడు. "అన్నా, కుడి గ్లాసు మీద నీళ్ల చార లేదు, అద్దం సాఫ్‌గ కనిపిస్తుంది. ఎడమ పక్క మాత్రం మొత్తం నీళ్లే, లారీ ఉందో లేదో తెలుస్తలేదు." గాడి తన పని తాను చేస్తోంది. ఎడమది ఈ ఆదివారం తీస్తున్నాం.